మా అమ్మాయి టీమ్‌లో ట్రాన్స్ అమ్మాయి: పిటిషన్ మీద సంతకం పెట్టాలా వద్దా?

పరుగుల_అమ్మ
తిట్టాలనుకున్నవాళ్ళు పూర్తిగా చదివి తిట్టండి. మేముండేది అమెరికాలో, ఏ స్టేటో చెప్పను, పిల్లలు మైనర్లు. ట్రాన్స్ అమ్మాయిలు (అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా ఉండేవాళ్ళు) ఆడపిల్లల టీమ్‌లో ఆడకూడదన్న నిషేధం లేని స్టేట్ అని మాత్రం చెబుతా. మా పెద్దమ్మాయి పదో క్లాసు, స్కూల్ క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా బయటి దారుల్లో దూరం పరుగు) టీమ్‌లో పరిగెడుతుంది. తెలియనివాళ్ళ కోసం: పెద్ద మీట్లలో, అంటే పోటీల్లో, వార్సిటీ అనే మొదటి జట్టులో ఏడుగురే, అందులో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కలిపితే టీమ్ స్కోరు. మిగతా పిల్లలంతా జేవీ, అంటే రెండో జట్టు. కిందటి సీజన్‌లో మా అమ్మాయి ఏడో నంబరు. ఈసారి ఒక ట్రాన్స్ అమ్మాయి చేరింది, టీమ్‌లో నాలుగో స్థానంలో వస్తోంది. మాది ఎనిమిదికి జారి జేవీలో పడింది. ఎండాకాలం సెలవులంతా తెల్లారకముందే లేచి పరిగెత్తిన పిల్ల. నాకు కడుపు మండింది, దాచుకోవడం ఎందుకు.

ఇప్పుడు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పిటిషన్ తిరుగుతోంది, ఆ పిల్లని ఆడపిల్లల టీమ్‌లోంచి తీసేయమని స్కూల్ బోర్డుకి. సంతకాలు పెట్టినవాళ్ళలో సగం మంది పిల్లలు ఏ ఆటా ఆడరు, అది వేరే కథ. మా ఆయన "ఇందులో ఆలోచించేదేముంది, పెట్టేయ్" అంటాడు. మా అమ్మాయేమో "నువ్వు సంతకం పెడితే నేను టీమే మానేస్తా" అంది. ఇద్దరూ మంచి స్నేహితులట, మీట్లకి వెళ్ళే బస్సులో పక్కపక్కనే కూర్చుంటారట. జేవీలో పడినందుకు గది తలుపేసుకుని ఏడ్చిందీ ఈ పిల్లే, సంతకం పెట్టొద్దని బెదిరిస్తోందీ ఈ పిల్లే. ఏం చేయాలో చెప్పండి. "మనసు చెప్పింది చేయండి" అని మాత్రం రాయొద్దు, నా మనసు రెండూ చెబుతోంది.

డల్లాస్_మావయ్య
పెట్టండి. ఆడపిల్లలకి వేరే టీమ్ ఎందుకు పెట్టారో గుర్తుంటే చాలు. 1972లో చదువులో ఆడా మగా వివక్ష వద్దన్న టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి ఈ దేశం మొత్తం మీద హైస్కూల్ ఆటల్లో ఉన్న ఆడపిల్లలు 3 లక్షల మంది కూడా లేరు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. వేరే టీమ్, వేరే రేసు, వేరే మెడల్ ఉన్నాయి కాబట్టే దాటారు. అందరినీ కలిపి పరిగెత్తించి ఉంటే మీ అమ్మాయి ఏడో నంబరు సంగతి దేవుడెరుగు, టీమ్ జాబితాలోనే ఉండేది కాదు. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. రూల్ రాసినవాళ్ళ మీదే.

బెంచీ_ప్లేయర్
నేను హైస్కూల్లో జేవీలో కూడా బెంచీ మీదే. నన్ను తొక్కేసింది ఎవరో ఇప్పటిదాకా విచారణ జరగలేదు.

కోచ్_బాబాయ్
శని ఆదివారాలు క్లబ్బు పిల్లలకి ట్రాక్ నేర్పుతుంటా, కాబట్టి స్టాప్‌వాచ్ చెప్పేది చెబుతా. పదేళ్ళ పిల్లల్ని పరిగెత్తిస్తే ఆడా మగా తేడా పెద్దగా కనపడదు, నా గ్రూపులో చాలాసార్లు అమ్మాయిలే ముందుంటారు. పన్నెండు, పదమూడు దగ్గర దారులు విడిపోతాయి. అక్కణ్ణుంచి పెరుగుతూ పోయి పెద్ద స్థాయికి వచ్చేసరికి పరుగులో తేడా 10–12 శాతం, జంపుల్లో ఇంకా ఎక్కువ. ఆడవాళ్ళ హైజంప్ ప్రపంచ రికార్డు 2.10 మీటర్లు, ఉక్రెయిన్ అమ్మాయి మహుచిఖ్ 2024లో పారిస్‌లో దూకింది. ఇక్కడ హైస్కూల్ అబ్బాయిలు ఏటా కొందరు 7 అడుగులు, అంటే 2.13, దూకుతారు. ప్రపంచంలో ఏ ఆడమనిషీ దూకని ఎత్తు అది, ఓ పన్నెండో క్లాసు కుర్రాడు దాన్ని దూకేసి ఇంటికెళ్ళి హోమ్‌వర్క్ చేసుకుంటాడు. "తేడా ఏమీ లేదు, అంతా ప్రాక్టీసే" అనేవాళ్ళతో నేను వాదన కూడా పెట్టుకోను.

కానీ అమ్మా, మీ కేసులో ఒకటి అడగాలి. ఆ పిల్ల నాలుగో స్థానం అన్నారు. అంటే ముందు ముగ్గురు అమ్మాయిలున్నారు. మగ ప్యూబర్టీ (యుక్తవయసు మార్పులు) పూర్తిగా అయ్యాక వచ్చిందా, ముందే దాన్ని ఆపే మందులు మొదలుపెట్టిందా? రెండూ ఒకటి కాదు. అది తెలియకుండా నేనైతే ఏ వైపూ సంతకం పెట్టను.

మౌనిక_ఆర్
అది ఆవిడకి ఎలా తెలుస్తుంది బాబాయ్? పదిహేనేళ్ళ పిల్ల మెడికల్ ఫైల్ పక్కింటావిడకి ఎందుకు తెలియాలి? నా గొడవంతా అక్కడే. "ముందు తెలుసుకుందాం" అని మొదలుపెడతాం, చివరికి ఆడపిల్లలందరి ఒంటి సంగతులూ నలుగురి నోళ్ళలో నానుతాయి.

కోచ్_బాబాయ్
నలుగురికీ కాదమ్మా, రూల్ పెట్టే అసోసియేషన్‌లో ఒక్క డాక్టరుకి తెలిస్తే చాలు. తెలియకుండా న్యాయం ఎలా చేస్తారు?

రాత్రి_డ్యూటీ_డాక్టర్
పిల్లల డాక్టర్ని. హార్మోన్ల స్పెషలిస్టుని కాను, ముందే చెబుతున్నా.

కోచ్ గారు చెప్పింది సరిగ్గా ఉంది, తేడాకి ముఖ్య కారణం యుక్తవయసులో వచ్చే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్. ఎత్తు, ఎముక, గుండె పరిమాణం, కండ, హిమోగ్లోబిన్ అన్నీ దాని వెంటే వస్తాయి. తర్వాత దాన్ని మందులతో తగ్గిస్తే హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే దిగుతుంది, కండ మాత్రం మెల్లగా, ఏడాదికి సుమారు 5 శాతమే తగ్గుతుందని 2021లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. ఎత్తు ఎలాగూ తగ్గదు. అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ ఫిట్‌నెస్ రికార్డులు తీసి చేసిన పరిశోధన ఇంకొకటుంది. అందులో హార్మోన్లు మొదలుపెట్టిన రెండేళ్ళకి ట్రాన్స్ మహిళల పుషప్‌లు, సిటప్‌లు తోటి మహిళల స్థాయికి దిగాయి, మైలున్నర పరుగులో మాత్రం ఇంకా 12 శాతం ముందున్నారు. డల్లాస్ మావయ్య గారు ఈ అంకె పట్టుకుంటారని తెలుసు. పట్టుకోండి, తప్పేం లేదు, కానీ వాళ్ళంతా పెద్దవాళ్ళు, సైనికులు, ప్యూబర్టీ అయిపోయాక మందులు మొదలుపెట్టినవాళ్ళు. మగ ప్యూబర్టీ మొదలుకాకుండానే ఆపిన పిల్లకి ఆ 12 శాతం అంటగట్టలేం.

డల్లాస్_మావయ్య
పట్టుకున్నా. 12 శాతం అంటే క్రాస్ కంట్రీలో ఎంతో కోచ్ గారిని అడగండి. 20 నిమిషాల్లో 5కే (5 కిలోమీటర్లు) పరిగెత్తే అమ్మాయి ముందు అది రెండు నిమిషాలకి పైనే. జిల్లా మీట్‌లో రెండు నిమిషాల్లో అరవైమంది పిల్లలు గీత దాటేస్తారు.

సగటు_నాన్న
ఈ ఇంత గొడవా ఎంతమంది గురించి? 2022లో యూటా గవర్నర్ స్పెన్సర్ కాక్స్, రిపబ్లికన్ ఆయన, తన సొంత పార్టీ తెచ్చిన నిషేధం బిల్లుని వీటో చేస్తూ లెక్క రాశాడు. హైస్కూల్ ఆటల్లో 75,000 మంది పిల్లలు, అందులో ట్రాన్స్ పిల్లలు నలుగురు, ఆ నలుగురిలో ఆడపిల్లల ఆటలో ఉన్నది ఒక్కరు. అసెంబ్లీ ఆ వీటోని కొట్టేసి చట్టం చేసుకుంది. కాలేజీల సంగతి చూస్తే 2024 డిసెంబర్‌లో కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ప్రెసిడెంట్ సెనేట్ ముందు కూర్చుని 5,10,000 మంది ఆటగాళ్ళలో తనకు తెలిసిన ట్రాన్స్ క్రీడాకారులు పదిమంది కూడా లేరన్నాడు. టీవీలో మాత్రం వీధికొకరు ఉన్నట్టు.

డల్లాస్_మావయ్య
ఒక్కరే కాబట్టి పర్లేదు అంటే, ఒక్కరే కాబట్టి రూల్ పెడితే కూడా పర్లేదుగా? లెక్క రెండు వైపులా పనిచేస్తుంది సగటు నాన్న గారూ. పైగా ఈ పోస్టు పెట్టినావిడకి 75,000 తో పనిలేదు. ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక్క పిల్ల, పోయింది ఒక్క సీటు.

సగటు_నాన్న
ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ ఆ ఒక్క ట్రాన్స్ పిల్ల ఇంట్లో కూడా ఒక్క పిల్లే.

కిట్టు_పిట్స్‌బర్గ్
ఇద్దరూ ఒకటే వాక్యం రాసి కొట్టుకుంటున్నారు.

లా_పాయింట్_రవి
చట్టం సంగతి గజిబిజిగా ఉంది, నాకు తెలిసినంత చెబుతా. టైటిల్ నైన్ చదువులో లింగ వివక్ష ఉండకూడదంటుంది. దానికి 1975లో రాసిన నిబంధనలు ఆటల్లో ఆడ, మగ టీమ్‌లు విడిగా పెట్టుకోవచ్చన్నాయి. ఆ ఆడ అన్నదాన్లో ఎవరొస్తారో అప్పుడు ఎవరూ రాయలేదు, రాయాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు. 2020లో ఐడహో మొదటి నిషేధం చట్టం చేసింది, ఇప్పుడు 25కి పైగా స్టేట్లలో ఉంది. 2025 ఫిబ్రవరి 5న ప్రెసిడెంట్ ట్రంప్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చాడు, ట్రాన్స్ అమ్మాయిల్ని ఆడనిచ్చే స్కూళ్ళకి ఫెడరల్ నిధులు ఆపేస్తామని. మరుసటి రోజే ఎన్‌సీఏఏ తన రూల్ మార్చేసింది. మెయిన్ అనే స్టేట్ గవర్నర్ జానెట్ మిల్స్ మాత్రం వైట్‌హౌస్‌లో ఆయన మొహం మీదే కోర్టులో చూసుకుందాం అంది, ఏప్రిల్‌లో ఫెడరల్ ప్రభుత్వం ఆ స్టేట్ మీద నిజంగానే దావా వేసింది.

2025 జులైలో సుప్రీంకోర్టు రెండు కేసులు విచారణకి తీసుకుంది, ఒకటి ఐడహోది, రెండోది వెస్ట్ వర్జీనియాది. రెండోదాంట్లో ఉన్న పిల్ల, కోర్టు కాగితాల్లో బి.పి.జె. అని రాస్తారు, మూడో క్లాసు నుంచే అమ్మాయిగా ఉంటూ, ప్యూబర్టీని ఆపే బ్లాకర్లు వాడి, మగ ప్యూబర్టీలోకి వెళ్ళనే లేదు. చట్టం ఆమెకి కూడా వర్తిస్తుంది. కాబట్టి పరుగుల అమ్మ గారూ, మీ స్కూల్ బోర్డు ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. స్టేట్ చట్టం ఒకవైపు, వాషింగ్టన్ ఇంకోవైపు లాగుతుంటే ఆ బోర్డు మీటింగులో ఉన్నవాళ్ళ టెన్షన్ మామూలుగా ఉండదు.

రాత్రి_డ్యూటీ_డాక్టర్
రవి గారి పోస్టుకి ఒక ముక్క కలుపుతా, ఇది ఎవరూ మాట్లాడరు. అదే నిషేధం పెట్టిన స్టేట్లలో చాలావాటిలో మైనర్లకి బ్లాకర్లు, హార్మోన్లు ఇవ్వడం కూడా నిషేధం. అలాంటి టెన్నెసీ చట్టాన్ని సుప్రీంకోర్టు 2025 జూన్‌లో నిలబెట్టింది. ఇప్పుడు పిల్ల వైపునుంచి చూడండి. మందు తీసుకోవడానికి వీల్లేదు, కాబట్టి మగ ప్యూబర్టీ వస్తుంది. వచ్చాక "నీకు మగ ప్యూబర్టీ వచ్చింది కాబట్టి ఆడనివ్వం" అంటారు. ఆ మందుల మీద డాక్టర్లలోనే గట్టి వాదనలున్నాయి, ఎప్పుడివ్వాలి, ఎవరికివ్వాలి అని, నేను వాటిని తేలిగ్గా తీసుకోను. కానీ రెండు తలుపులూ మూసేసి "దారి నువ్వే వెతుక్కో" అనడం నాకు మింగుడుపడదు.

డల్లాస్_మావయ్య
అబ్బాయిల టీమ్ తలుపు తెరిచే ఉందిగా డాక్టర్ గారూ. ఎవరూ ఆటలు మానేయమనలేదు.

పేరు_వద్దు
ఈ ఫోరమ్‌లో ఎన్నాళ్ళుగానో చదువుతున్నా, రాయడం తక్కువ. కొత్త ఐడీతో రాస్తున్నా, ఎందుకో మీకే అర్థమవుతుంది.

నా బిడ్డ ట్రాన్స్ అమ్మాయి. ఏ ఆటా, ఏ ఊరూ చెప్పను. "అబ్బాయిల టీమ్ తలుపు తెరిచే ఉంది" అన్నారు మావయ్య గారు. ఆ తలుపులోంచి మేము వెళ్ళి చూశాం. లాకర్ రూమ్‌లో బట్టలు మార్చుకోలేక యూనిఫాం ఇంటి దగ్గరే వేసుకెళ్ళేది. రెస్ట్‌రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని ప్రాక్టీసు రోజుల్లో నీళ్ళు తాగేది కాదు. కోచ్ మంచివాడే, పిల్లలు చెడ్డవాళ్ళని కూడా అనను, పద్నాలుగేళ్ళ మగపిల్లలు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. చివరికి తనే మానేసింది. ఇప్పుడు ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతుంది, చెవుల్లో పాటలు పెట్టుకుని. గెలవాలని ఎప్పుడూ అడగలేదు. మిగతా పిల్లలతో కలిసి బస్సెక్కాలని అడిగింది.

కోచ్ గారి లెక్కలు నాకు తెలుసు, నేనూ చదివా. స్టేట్ ఫైనల్లో మెడల్ సంగతి వచ్చేసరికి నాక్కూడా జవాబు లేదు. కానీ మా పిల్ల స్టేట్ ఫైనల్‌కి వెళ్ళే రకం కాదు. ఆరో క్లాసు నుంచి పన్నెండో క్లాసు దాకా, జేవీ నుంచి ఫైనల్ దాకా అందరికీ ఒకే కత్తెర ఎందుకు?

పరుగుల_అమ్మ
పేరు వద్దు గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించా. "తను కూడా బస్సులో నీళ్ళు తాగదు" అంది. నాకు ఇంకేం రాయాలో తెలియట్లేదు, తర్వాత వస్తా.

టెక్సాస్_కుస్తీ
డల్లాస్ మావయ్యా, మన స్టేట్ సంగతి మర్చిపోయారా? 2017లో ఏం జరిగింది? మ్యాక్ బెగ్స్ అని ట్రాన్స్ అబ్బాయి, అంటే అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా ఉంటూ డాక్టర్ రాసిన టెస్టోస్టిరాన్ తీసుకుంటున్నవాడు. అబ్బాయిలతో కుస్తీ పడతానని మొత్తుకున్నాడు. బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్నదే లెక్క అని రూలు పెట్టి అమ్మాయిల్లో దింపారు. 110 పౌండ్ల విభాగంలో 2017లో స్టేట్ ఛాంపియన్, 2018లో మళ్ళీ ఛాంపియన్. ఆడపిల్లల న్యాయం కోసమని పెట్టిన రూలే గడ్డం వస్తున్న కుర్రాడిని ఆడపిల్లల మీదకి వదిలింది.

బెంచీ_ప్లేయర్
రూలు పెట్టినవాళ్ళు ఆ బౌట్లు ముందు వరసలో కూర్చుని చూశారో లేదో.

డల్లాస్_మావయ్య
ఆ రూలు తెలివితక్కువది, ఒప్పుకుంటా. టెస్టోస్టిరాన్ తీసుకుంటే అమ్మాయిల విభాగంలో ఉండకూడదని ఒక్క లైను కలిపితే సరిపోయేది. తెలివితక్కువ రూలు ఒకటుందని రూలే వద్దంటే ఎలా?

మౌనిక_ఆర్
రూలు ఉంటే దాన్ని చెక్ చేసేవాళ్ళు ఉండాలి కదా మావయ్యా. చెక్ ఎవరికి జరుగుతుందో చూడండి. 2022లో యూటాలోనే, ఒక పోటీలో ఓడిపోయిన అమ్మాయిల తల్లిదండ్రులు గెలిచిన అమ్మాయి మీద ఫిర్యాదు చేశారు, ఆడపిల్లలా లేదని. స్టేట్ అసోసియేషన్ ఆ పిల్లకి కానీ ఇంట్లోవాళ్ళకి కానీ చెప్పకుండా కిండర్‌గార్టెన్ దాకా స్కూల్ రికార్డులు తవ్వింది. తవ్వితే ఏముంది, మొదటి రోజు నుంచీ అమ్మాయే. 2024లో అదే స్టేట్‌లో ఏకంగా విద్యా బోర్డు సభ్యురాలే ఒక బాస్కెట్‌బాల్ అమ్మాయి ఫొటో పెట్టి అనుమానం రాజేసింది. అదీ పుట్టుకతో అమ్మాయే. జనం బెదిరింపులు ఆ పిల్లకి. ఫ్లోరిడాలో 2023లో ఆటలాడే అమ్మాయిల నెలసరి వివరాలు స్కూల్ ఫారంలో తప్పనిసరి చేయబోయి, తల్లిదండ్రులు గోల పెడితే ఆ ప్రశ్నలే తీసేశారు.

నా కూతురు పొడుగు, జుట్టు కత్తిరించుకుంటుంది, గొంతు కాస్త బొంగురు, వాలీబాల్ గట్టిగా కొడుతుంది. కిందటేడు అవతలి టీమ్ తల్లి ఒకావిడ నా పక్కనే కూర్చుని, నేనెవరో తెలియక, "దాన్ని చెక్ చేయాలి" అంది. ఆ రోజునుంచి నాకు ఈ చర్చ ఎవరి గురించో అర్థమైంది.

చిత్ర_ఓహాయో
మౌనికా, ఇది అమెరికా జబ్బు మాత్రమే కాదు. ద్యుతీ చంద్ గుర్తుందా? 2014లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని కామన్వెల్త్ జట్టులోంచి తీసేశారు. పుట్టుకతో అమ్మాయి, ఏ మందూ తీసుకోలేదు. 2015లో స్పోర్ట్స్ కోర్టులో పోరాడి మళ్ళీ ట్రాక్ మీదకి వచ్చింది. తమిళనాడు శాంతి సౌందరరాజన్‌కి ఆ అదృష్టం కూడా లేదు, 2006 దోహా ఏషియాడ్‌లో 800 మీటర్ల వెండి పతకం లాక్కున్నారు. 2023 హాంగ్జౌ ఏషియాడ్‌లో మన తెలంగాణ అమ్మాయికి హెప్టాథ్లాన్‌లో కాంస్యం వస్తే సాటి భారత క్రీడాకారిణే ఏ ఆధారం లేకుండా ఆమె ట్రాన్స్ అని పోస్టు పెట్టి తర్వాత తీసేసింది. తీసేసినా ఏం లాభం, పతకం తెచ్చిన వారం సంతోషంగా ఉండాల్సిన పిల్ల తను అమ్మాయినేనని చెప్పుకోవాల్సి వచ్చింది.

కోచ్_బాబాయ్
చిత్ర గారు చెప్పినవి వేరే సంగతి. ద్యుతీ, శాంతి ట్రాన్స్ కాదు, వాళ్ళ శరీరాలు పుట్టుకతోనే అలా ఉన్నాయి. రెండూ కలిపేస్తే చర్చ పక్కదారి పడుతుంది.

చిత్ర_ఓహాయో
వేరే సంగతే బాబాయ్, కానీ పరీక్ష పెట్టేవాడి చేతిలో రెండూ ఒకే బుట్టలో పడతాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలకి పరీక్ష చేస్తే 8 మందికి తేడా వచ్చింది, చివరికి 8 మందినీ ఆడనిచ్చారు. మరి పరీక్ష ఎందుకు చేసినట్టు? 1999లో ఒలింపిక్ కమిటీ ఆ పద్ధతే ఎత్తేసింది. ఇప్పుడు మళ్ళీ ప్రపంచ అథ్లెటిక్స్‌లో చెంప లోపల దూదితో తుడిచి జీన్ పరీక్ష మొదలైంది, 2025 సెప్టెంబర్ నుంచి. అక్కడ పెద్దవాళ్ళు, వృత్తి అది, ఏదో అనుకోవచ్చు. ఎనిమిదో క్లాసు పిల్లలకి కూడానా?

కోచ్_బాబాయ్
ఎనిమిదో క్లాసుకి వద్దు. అందులో నాకు పేచీ లేదు.

నిజం_మాట్లాడతా
అసలు ఏ స్కూలో కనిపెట్టడం ఎంతసేపు, నాలుగో స్థానంలో వచ్చే

మోడరేటర్
పై పోస్టు మిగతా భాగం తీసేశాను. ఆ పిల్లని గానీ, స్కూల్‌ని గానీ గుర్తుపట్టే ప్రయత్నం చేస్తే ఐడీ పోతుంది. వాదించుకోండి, వేటాడొద్దు.

కిట్టు_పిట్స్‌బర్గ్
అందరికీ ఓపెన్ విభాగం ఒకటి పెడితే పోలా? ఆడ, మగ, ఓపెన్. ఎవరికి నచ్చిందాంట్లో వాళ్ళు.

లా_పాయింట్_రవి
ఈత పోటీల ప్రపంచ సంఘం వరల్డ్ అక్వాటిక్స్ పెట్టింది బాబూ, 2023లో బెర్లిన్ స్విమ్మింగ్ వరల్డ్ కప్‌లో. ఒక్క ఎంట్రీ రాలేదు.

పేరు_వద్దు
రాదు కదా. "వేరేవాళ్ళు" అని బోర్డు తగిలించిన లేన్‌లో ఒంటరిగా ఈదడానికి ఎవరొస్తారు? స్కూల్లో అయితే ఇంకా ఘోరం, ఆ విభాగంలో ఉండేది ఒకే ఒక్క పిల్ల, చూడ్డానికి వెయ్యిమంది.

సగటు_నాన్న
కాలిఫోర్నియాలో 2025 మే నెలలో ఒకటి చేశారు, అది నాకు కాస్త నచ్చింది. స్టేట్ ట్రాక్ మీట్‌కి ముందు రూలు మార్చి, ట్రాన్స్ అమ్మాయి వల్ల అర్హత పోయిన అమ్మాయికి అదనంగా సీటు ఇచ్చారు, పతకాలు కూడా పంచారు. ఆ అమ్మాయి హైజంప్, ట్రిపుల్ జంప్ గెలిస్తే, ఆమె లేకపోతే మొదట వచ్చేవాళ్ళు కూడా అదే పోడియం మీద మొదటి మెట్టు మీద నిలబడ్డారు. పిల్లలు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేయి వేసుకుని ఫొటో దిగారు. బయట పెద్దవాళ్ళు పైన విమానానికి బ్యానర్ కట్టి తిప్పుతున్నారు.

డల్లాస్_మావయ్య
ఇద్దరు మొదటి వాళ్ళుంటే మొదటి వాళ్ళు ఎవరూ లేనట్టే. ఇది తప్పించుకోవడం.

కోచ్_బాబాయ్
లేదు మావయ్యా, ఇందులో ఓ సంగతుంది. ఈ అమ్మగారి కేసులో పోయింది మెడల్ కాదు, సీటు. సీటు పెంచడం మెడల్ పంచడం కంటే తేలిక. క్రాస్ కంట్రీలో అడవి దారి, లేన్‌లు ఉండవు, ఇంకో పిల్ల పరిగెత్తితే ఎవరికీ అడ్డం కాదు. మామూలు ఇన్విటేషనల్ మీట్లలో ఎనిమిదో పిల్లని కూడా దింపడానికి నిర్వాహకులు చాలాసార్లు ఒప్పుకుంటారు, స్కోరులో కలపకపోతే చాలు. జిల్లా, స్టేట్ మీట్లకి మాత్రం అసోసియేషన్ రూలు మార్చాలి. పిటిషన్ పెట్టాలనుకుంటే "ఆ పిల్లని తీసేయండి" అని కాకుండా "ఎనిమిదో బిబ్ (పోటీ నంబరు) ఇవ్వండి" అని పెట్టండి. దానికి నేనూ సంతకం పెడతా.

మౌనిక_ఆర్
ఇప్పటిదాకా వచ్చినవాటిలో పనికొచ్చే మొదటి పోస్టు. బాబాయ్ మీద సగం కోపం తగ్గింది.

డల్లాస్_మావయ్య
మరి తొమ్మిదో పిల్ల తల్లి వచ్చి అడిగితే? ఈవిడ కూతురు ఏడులోకి వచ్చేస్తే ఎనిమిదోది ఎవరికి? సీట్లు పెంచుకుంటూ పోతే ప్రశ్న అక్కడే ఉంటుంది: ఆడ విభాగం అంటే ఏమిటి? దాన్నుంచి పారిపోతున్నారు మీరంతా.

రాత్రి_డ్యూటీ_డాక్టర్
పారిపోవట్లేదు. ఆ ప్రశ్నకి ఒకే జవాబు ఉండాలని మీరంటున్నారు, స్థాయిని బట్టి జవాబు మారొచ్చని మేమంటున్నాం. పదేళ్ళ పిల్లల సాకర్‌కి ఏ పరీక్షా వద్దు. జేవీకి వద్దు. స్టేట్ ఫైనల్‌కి ప్యూబర్టీ సంగతి లెక్కలోకి తీసుకోండి, రహస్యంగా, ఒక డాక్టర్ల బృందం చేత. ఇది అందరికీ నచ్చదు. పేరు వద్దు గారికి కూడా పూర్తిగా నచ్చకపోవచ్చు.

పేరు_వద్దు
పూర్తిగా నచ్చలేదు. కానీ దీంతో మేం బతగ్గలం.

డల్లాస్_మావయ్య
నేను బతకలేనని కాదు. సెమీఫైనల్ దాకా వచ్చి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయిన అమ్మాయిని చూశాక రాత్రి నిద్ర పట్టదు నాకు, అంతే. నా మేనకోడలు కాలేజీ స్కాలర్‌షిప్ అలాగే పోయింది, అయితే అది ట్రాన్స్ వల్ల కాదు, మోకాలి వల్ల. కానీ ఆ సెకన్ల విలువ తెలుసు.

బెంచీ_ప్లేయర్
మోకాలి మీద కూడా పిటిషన్ పెట్టి ఉండాల్సింది మావయ్యా.

డల్లాస్_మావయ్య
నవ్వించావులే.

పరుగుల_అమ్మ
వచ్చా. అన్నీ చదివా, కొన్ని రెండుసార్లు. వాట్సాప్ పిటిషన్ మీద సంతకం పెట్టట్లేదు. దాన్లో ఆ పిల్ల పేరు పూర్తిగా రాసి ఉంది, అడ్రస్ ఒక్కటే తక్కువ. మా ఆయనకి అది చూపిస్తే ఆయనే "ఇదేంటి, పిల్ల పేరు రాస్తారా" అన్నాడు.

అలాగని నాకు న్యాయం అనిపిస్తోందని కాదు. మా అమ్మాయి చెమటకి విలువ ఉంది, ఆ మాట అననివ్వకపోతే నేను ఒప్పుకోను. కోచ్ బాబాయ్ గారు చెప్పినట్టు ఎనిమిదో సీటు అడుగుతూ కోచ్‌కి, అసోసియేషన్‌కి విడిగా లెటర్ రాస్తున్నా. స్టేట్ మీట్ స్థాయిలో రూలు ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని కూడా అడుగుతున్నా, ఎవరి పేరూ లేకుండా. బోర్డు మీటింగ్ వచ్చే మంగళవారం, మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు ఇస్తారట. రవి గారూ, ఈ లెటర్‌లో టైటిల్ నైన్ మాట తేవాలా వద్దా?

లా_పాయింట్_రవి
తేవొద్దు. ఆ మాట వినగానే లాయర్‌ని పిలుస్తారు, తర్వాత ఎవరూ మీకు జవాబు ఇవ్వరు. సీటు గురించి మాత్రమే అడగండి.

కోచ్_బాబాయ్
మీ స్టేట్ అసోసియేషన్ క్రాస్ కంట్రీ మాన్యువల్‌లో ఎంట్రీల పరిమితి ఎక్కడుందో చూసి ఆ పేజీ నంబరు వేయండి. కమిటీల వాళ్ళకి పేజీ నంబరు ఉంటే కాస్త భయం.

డల్లాస్_మావయ్య
నేనైతే ఇప్పటికీ ఆడ విభాగం ఆడపిల్లలకే అంటా, ఈ థ్రెడ్ ఇంకో పది పేజీలు నడిచినా అదే అంటా. లెటర్ డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి. ఇంగ్లీష్ నేను సరిచేస్తా, ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసులో చేసేది అదే పని.